ఆ రోజు ఎత్తుకోని చరణం

నాది పెద్ద గొంతు. మైకు అక్కర్లేదు. చిన్నప్పుడు ఈ గొంతుకు ఇంట్లో తిట్లు, చర్చిలో మెప్పు దొరికేవి. చర్చివాళ్లు మే నెలలో ఆడపిల్లల క్యాంపు పెట్టిన ప్రతిసారీ పాటలు నేర్పే పని నా మీదే పడేది. బడి టీచరుని కాబట్టి సెలవుల్లో ఖాళీగా ఉంటానని అందరికీ గట్టి నమ్మకం. నేను పైకి విసుక్కునేదాన్ని. నిజానికి ఎవరైనా ఆ పని వేరేవాళ్లకు ఇచ్చి ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు.

ఏర్పేడు దగ్గర ఒక బడిలో ఆ క్యాంపు. ఐదు రోజులు, అరవై మంది పిల్లలు, ఒక రేకుల షెడ్డు, నాలుగు ఫ్యాన్లు. వాటిలో రెండే తిరిగేవి. తెచ్చుకున్న ఫోన్లన్నీ మొదటిరోజే పాస్టరమ్మగారు తీసుకుని బీరువాలో పెట్టి తాళం వేసేవారు. ఇంటి నుంచి ఏ కబురు వచ్చినా ఆమె ఫోనుకే రావాలి.

ఏడేళ్ల కిందటి క్యాంపు కోసం నేనే ఒక పాట కట్టాను. గొప్ప పాటేమీ కాదు. దేవుడు మనకు ఏమేమి ఇచ్చాడో ఒక్కొక్కటే చెప్పుకుంటూ పోవడమే. 'అమ్మనిచ్చినావు, ముద్ద కలిపి పెట్టేందుకు' అని మొదలు. అప్పుడు ప్రతి పిల్లా పక్కపిల్ల నోటికి ఉత్త చేత్తో ముద్ద అందించాలి. తర్వాత 'నాయననిచ్చినావు, వేలు పట్టి నడిపించేందుకు'. పక్కపిల్ల వేలు పట్టుకుని రెండడుగులు వేయాలి. ఆ తర్వాత అవ్వ. అవ్వ అయ్యాక పిల్లల ఇష్టం. ఎవరు ఏది అరిస్తే దానికి అప్పటికప్పుడు చరణం కట్టి పాడేవాళ్లం. మేక, బర్రె, కొత్త చెప్పులు, ఉప్పూకారం అద్దిన మామిడికాయ, దేన్నీ కాదనేదాన్ని కాదు. కాని మొదటి చరణం మాత్రం అమ్మదే. ఎవరైనా అవ్వతో మొదలుపెడితే డోలక్ ఆపించి మళ్లీ మొదటినుంచి పాడించేదాన్ని. అక్కడ నా టీచరు బుద్ధి ఊరుకునేది కాదు.

ఆ ఏడు బంగారుపాళ్యం వైపు నుంచి ఒక పిల్ల వచ్చింది. పదమూడేళ్లుంటాయి. వాళ్లమ్మే బస్సులో తీసుకొచ్చి దింపింది. మామిడికాయల కాలంలో జ్యూస్ ఫ్యాక్టరీలో కాయలు ఏరే పనికి పోయే మనిషి. వేళ్ల సందుల్లో మామిడి సొన కాల్చిన నల్లటి మచ్చలు ఉన్నాయి. పోయే ముందు నా దగ్గరికొచ్చి చిన్నగా అడిగింది.

"మా పాప బాగా పాడతాది టీచరమ్మా. సిగ్గుపడి వెనకాల నిలబడుకుంటాది. రవ్వంత ముందర పెట్టండి."

ముందు వరుసలోనే పెట్టాను. నిజంగానే బాగా పాడేది. రెండో రోజుకే సిగ్గంతా పోయి, నేను చరణం ఎత్తుకునే లోపలే నా మొహంలోకి చూసి అందుకునేది.

మూడో రోజు పొద్దున పది గంటలప్పుడు పాస్టరమ్మగారు నన్ను వంటగది వెనక్కి పిలిచారు. చేతిలో ఫోను ఇంకా వెలుగుతూనే ఉంది. ఆ పిల్ల వాళ్లమ్మ పనికి పోతున్న ఆటోను హైవే మీద లారీ గుద్దిందట. ప్రాణం ఆసుపత్రి దాకా కూడా నిలవలేదట.

"పిల్లకి ఇప్పుడే చెప్పొద్దమ్మా. వాళ్ల మేనమామ కారు మాట్లాడుకోని బయలుదేరినాడంట. ఆయనొచ్చేదాకా పాటలు పాడిస్తా ఉండు. నువ్వు పాడిస్తే పిల్లోళ్లకు ఇంకేం గుర్తుండదు."

"నావల్ల ఎట్లవుతుందమ్మా?" అన్నాను.

"రోజూ పాడిచ్చినట్టే పాడియ్యి. ఏడిస్తే ఆ పసిదాన్ని రెండుమూడు గంటలు ఎవరు పట్టుకుంటారు చెప్పు."

ఆమె చెడ్డ మనిషి కాదు. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి. మన ఇళ్లలో చావు కబురు ఎవరికైనా తిన్నగా చెప్తామా? ఒంట్లో బాగలేదని చెప్పి బస్సెక్కిస్తాం. నేనూ అలాగే అనుకుని మొహం కడుక్కుని షెడ్డులోకి వచ్చాను.

పిల్లలు నా పాటే కావాలని గోల పెట్టారు. వేరే పాట ఎత్తుకుని ఉండొచ్చు. ఆ పూట నా బుర్రకు ఒక్క పాట కూడా తట్టలేదు. డోలక్ మొదలైంది. నోరు తెరిచాను. ముందు వరుసలో ఆ పిల్ల పక్కపిల్లకు ముద్ద పెట్టడానికి అప్పుడే చెయ్యి ఎత్తి పెట్టుకుంది. ఆ చెయ్యి చూశాక 'అమ్మ' అనే మాట నా గొంతులోంచి రాలేదు. 'నాయననిచ్చినావు' అని ఎత్తుకున్నాను.

"అక్కా, ముందర అమ్మ కదా," అంది ఆ పిల్ల.

"ఈపొద్దు మార్చి పాడదాం," అన్నాను. నవ్వాను కూడా. అమ్మ చరణం దగ్గర ఎప్పుడూ చీమంత తేడా రానివ్వని నేను ఆ మాటన్నాను.

ఆ పిల్ల ఒక్క క్షణం నన్ను చూసింది. చెయ్యి దించింది. పక్కపిల్ల వేలు పట్టుకుని రెండడుగులు వేసింది.

ఆ తర్వాత దాని హుషారు చూడాలి. అవ్వ అయింది. 'మేకపిల్ల' అని అరిచింది. పాడాం. 'సైకిలు' అంది. పాడాం. 'బోరింగు', 'చింతచెట్టు', 'నీలం రిబ్బను', 'బస్సు', 'పప్పుచారు'. మిగతా పిల్లలు అలిసిపోయి కింద కూర్చున్నా అది కూర్చోలేదు. మజ్జిగ ఇచ్చినప్పుడు కూడా గ్లాసు చేతిలో పట్టుకునే 'ఇంకొకటి అక్కా, ఇంకొకటి' అంది. నా గొంతు బొంగురుపోయింది. పాపం ఏమీ తెలియదు కదా, ఎంత సంతోషంగా పాడుతోందో అనుకున్నాను. చెప్పేద్దామని రెండుసార్లు ముందుకు అడుగేశాను. రెండుసార్లూ చప్పట్లు కొట్టి ఇంకో చరణం ఎత్తుకున్నాను.

పన్నెండున్నరకు కారొచ్చింది. పాస్టరమ్మగారు వచ్చి, అమ్మకు ఒంట్లో బాగలేదట, మామ వచ్చాడు అని చెప్పి ఆ పిల్ల చెయ్యి పట్టుకున్నారు. "సరే," అంది. ఏం జబ్బు అని అడగలేదు. తన సంచి తనే తగిలించుకుంది. మిగతా పిల్లలు బెదరకుండా పాడిస్తూ ఉండమని పాస్టరమ్మగారు నాకు కళ్లతోనే సైగ చేశారు. పాడించాను.

మట్టి కార్యక్రమానికి పాస్టరమ్మగారు వెళ్లారు. నేను వెళ్లలేదు. క్యాంపు ఇంకా రెండు రోజులుంది కదా అన్నాను. అది సాకు. ఆ పిల్ల మొహం చూసే ధైర్యం లేదు, అంతే. ఆ పాట కూడా ఆ ఏడుతోనే వదిలేశాను. పిల్లలు అడిగితే మర్చిపోయానని చెప్పేదాన్ని.

మొన్న మేలో క్యాంపుకు మందులపెట్టె పట్టుకుని ఒక అమ్మాయి వచ్చింది. చిత్తూరులో నర్సింగు చదువుతోందట. ఎండకు పిల్లలెవరైనా పడిపోతే చూసుకోవడానికి పాస్టరమ్మగారు పిలిపించారట. నేను వంటగదిలో గొంతు కోసం మిరియాల నీళ్లు కాచుకుంటుంటే వచ్చి గడప దగ్గర నిలబడింది. పొడుగైంది గాని కళ్లు అవే. గుర్తుపట్టి, గ్లాసు కింద పెట్టాను.

"ఆ పాట ఇప్పుడు పాడిచ్చడంలేదంట కదక్కా."

"మర్చిపోయినా."

"అపద్దం చెప్పొద్దక్కా." కోపంగా అనలేదు. వచ్చి నా పక్కనే పీట మీద కూర్చుంది. "నువ్వు నాయనతో ఎత్తుకున్నప్పుడే నాకు తెలిసిపోయింది. మా యమ్మకు ఏందో అయిందని."

నేను స్టవ్ ఆపేశాను.

"పాట అయిపోతే నన్ను పిలుస్తారని భయమేసింది. అందుకే ఏది కనబడితే దాని పేరు చెప్తా పోయినా. నువ్వూ పాడతా పోతివి."

ఆ రోజు అది అరిచినవన్నీ ఒక్కసారిగా చెవిలో తిరిగాయి. మేక, సైకిలు, బోరింగు. నీలం రిబ్బను దాకా అన్నీ అడిగింది. అమ్మను మళ్లీ అడగలేదు. రెండున్నర గంటలు ఎదురుగా నిలబడి కూడా ఆ సంగతి నాకు తట్టలేదు.

"నన్ను అడగాల్సింది కదమ్మా," అన్నాను.

"అడిగితే నువ్వు చెప్పేస్తావు కదక్కా. చెప్పనిదానికి కోపం లేదు నాకు. గేటుకాడికి పోయి తిరిగి చూస్తిని. నువ్వు చప్పట్లు కొడతా ఉండావు. కారుదాకా వస్తావనుకున్నా."

ఇంత పెద్ద గొంతు పెట్టుకుని ఒక్క మాట అనలేకపోయాను. ఆ అమ్మాయే మిరియాల నీళ్లు గ్లాసులో పోసి నా చేతికిచ్చి, లేచి వెళ్లింది.

సాయంత్రం షెడ్డులో పిల్లలు సర్దుకుని కూర్చున్నాక తనే వచ్చి నా పక్కన నిలబడింది. నన్ను అడగలేదు. 'అమ్మనిచ్చినావు' అని ఎత్తుకుంది. కొత్త పిల్లలకు పాట రాదు కాబట్టి ఏం చేయాలో చేసి చూపించాలి. నావైపు తిరిగి ఉత్త చేత్తో ముద్ద కలిపి నా నోటికి అందించింది. నేను తిన్నాను. ఇక తిరిగి నేను పెట్టాలి. నా చెయ్యి లేవలేదు. పిల్లలు అందుకున్నారు, చరణం మళ్లీ మొదటికొచ్చింది. తను పాడటం ఆపేసి, నోరు తెరుచుకుని, నా చెయ్యి పైకి లేచేదాకా అలాగే కాచుకుని ఉంది.