తుప్పు మీద కట్టు

చాలా ఏళ్ల కిందట, పుత్తూరులో విరిగిన చేతికి కట్టు కట్టించుకుని తిరుపతి బస్సెక్కాను. పక్క సీట్లో ఉన్నాయన గోళ్ల నిండా ఎండిన జిగురు. కళ్లు మూతలు పడుతున్నా నిద్రపోవడం లేదు. నా కట్టును వేలితో మెల్లగా తట్టాడు.

"ఎముక సరిజేసినాకనే కట్టినారా అప్పా?"

"ఆఁ. ప్రాణం పోయినంత పనైంది."

"మేమూ పుత్తూరు ఫ్యాక్టరీలో పైపులకు కట్లు కడతాం. జిగురులో ముంచిన గుడ్డ చుడితే రాయి మాదిరి గట్టిపడతాది. ముందు తుప్పంతా గీకల్ల, లేకుంటే అతుక్కోదు. రెండు షిఫ్టులు చేసినానా, చేతులు లేవలా. పొద్దున తుప్పు మీదనే చుట్టేసినాను."

"లోపలిది ఎవరికి తెలుస్తుందిలే" అన్నాను, ఓదార్పుగా.

"యాసిడ్ పోయే పైపప్పా అది. దాని కిందనే ఆడోళ్లు కూర్చోని సద్ది తింటారు."

టైమెంతని అడిగాడు. కుడిచేతికి మార్చుకున్న వాచీ చూసి చెప్పాను. కాసేపటికి మళ్లీ అడిగాడు. పైపు మీది కట్టు గట్టిపడటానికి ఇంకో గంట ఉందట. ఆలోపైతే చింపి తీసేయొచ్చట.

వడమాలపేటలో సీటు పట్టుకుని లేచాడు. దిగి, రోడ్డు దాటి, వెనక్కి పుత్తూరు పోయే బస్సుకు ఆ లేవని చెయ్యే ఎత్తి నిలబడ్డాడు.

నలభై రోజులకు నా కట్టు విప్పారు. 'ఎవరికి తెలుస్తుందిలే' అని ఆ తర్వాత నేనెవరితోనూ అనలేదు.