బొట్టు పడిన రికార్డు కోసం హామిల్టన్ దాకా

శుక్రవారం సాయంత్రం ఇంటికి కొత్త రికార్డు ప్లేయరు వచ్చింది. మనవాళ్ల సంగతి తెలిసిందే కదా, కొత్త వస్తువు గడప దాటితే బొట్టు పడాల్సిందే. ప్లేయరుకు పెట్టాను. చేయి అక్కడితో ఆగితే బాగుండేది, పక్కనున్న రికార్డు అట్టకూ పెట్టేశాను. అది నాది కాదు, ఇక్కడ కెనడాలో, మార్కమ్‌లోని మా ఆఫీసులో పనిచేసే హరుకో గారిది. సిటీ పాప్ అని జపాన్‌లో ఒకప్పుడు ఊపేసిన పాటలుండేవి, అవి పాడే గాయని ఒకామె నలభై ఏళ్ల పాటల్లోంచి ఏరి కూర్చిన రెండు రికార్డుల ఆల్బమ్. అట్ట చుట్టూ, జపాన్ రికార్డులకు ఉండేలాంటి తెల్లకాగితపు పట్టీ ఉంటుంది. "ఆ పట్టీని మాత్రం జాగ్రత్తగా చూడండి, ఈ ఆల్బమ్ మా చెల్లి పంపింది" అని మరీ మరీ చెప్పి ఇచ్చారు. కుంకుమ సరిగ్గా ఆ పట్టీ మీదే పడింది. తుడిస్తే ఇంకా పాకింది. నా మీద నాకే ఒళ్లు మండింది. సోమవారంలోగా ఇంకొకటి కొని తీరాలనుకున్నాను.

ఫోన్లు చేయగా చేయగా, హామిల్టన్‌లో ఒక పాత రికార్డుల షాపులో ఒక్కటుందని తేలింది. ఫోన్ మీద పక్కన పెట్టరట, ముందొచ్చిన వాళ్లదేనట. శనివారం పొద్దున ఏడున్నరకు రైలెక్కాను. వారాంతంలో పది డాలర్ల టికెట్టుతో రోజంతా తిరగొచ్చు. టొరంటోలో రైలు మారి హామిల్టన్‌లో దిగేసరికి పదిన్నర దాటింది. అక్కడ సిటీ బస్సెక్కితే, రోడ్డు పనులని డ్రైవరు సగం దారిలో దింపేశాడు.

"ఇక్కణ్ణించి నడిస్తే ఇరవై ఐదు నిమిషాలు. వేరే బస్సు కోసం ఆగుతారా?"

"ఆగను."

కరిగిన మంచులో సాక్సులు తడిసిపోయాయి. చెవుల్లో ఆ గాయని పాటే. ఒక్క ముక్క అర్థం కాదు. తొలి పాటల్లో పరుగు, చివరి పాటల్లో నిదానం, గొంతులో నవ్వు మాత్రం ఎక్కడా తగ్గలేదు. దాన్ని పట్టుకునే నడిచాను.

షాపులో ఆల్బమ్ ఉంది. పట్టీ లేదు.

"అదెప్పుడో చిరిగిపోయింది," అన్నాడు షాపు పెద్దాయన. "పాట వినడానికి అదెందుకు?"

"నాకు కావాల్సింది ఆ కాగితమే," అన్నాను. ఏడుపొచ్చినంత పనైంది. అయినా యాభై ఐదు డాలర్లిచ్చి కొన్నాను. తిరుగు రైల్లో ఒకటి తేల్చుకున్నాను, ఇక దాచేది లేదు. ఇంటికెళ్లి మొదటి రికార్డు కూడా తీసుకుని, నాలుగింటికి హరుకో గారి తలుపు తట్టాను.

"క్షమించండి. కొత్త వస్తువులకు మేము బొట్టు పెడతాం. పొరపాటున దీనికీ పెట్టాను. ఇంకొకటి తెచ్చాను కానీ, దానికి పట్టీ లేదు."

ఆమె పట్టీని కిటికీ దగ్గర పట్టుకుని చాలాసేపు చూశారు.

"కొత్తవాటికే పెడతారా?"

"అవునండి."

"ఇందులో మొదటివి నా ఇరవై రెండో ఏట పాటలు. నా పిల్లలక్కూడా ఇవి అమ్మ పాతపాటలే. కొత్తవని బొట్టు పెట్టింది మీరొక్కరే."

నేను తెచ్చింది నాకే ఇచ్చేసి, బొట్టున్నది అల్మరాలో పెట్టుకున్నారు.

ఆ పాటలు ఇన్నేళ్లు ఎలా నిలిచాయో ఆ రోజు నాకు కొంచెం అర్థమైంది. ఎక్కడో ఒకరి ఇంటికి అవి ఇప్పుడే మొదటిసారి వస్తూ ఉంటాయి. మీరూ ఇలాంటి రికార్డు కోసం బయల్దేరితే, ముందు ఫోన్లో "ఉందా" అని కాదు, "పట్టీతో ఉందా" అని అడగండి. నేను అడగలేదు. అడిగి ఉంటే ఇల్లు కదిలేదాన్ని కాదు, సోమవారానికి ఏదో ఒక అబద్ధం వెతుక్కునేదాన్ని.