రంగూను చెంబు ఇంటికెళ్ళే రోజు

చింతపండుతో తోమిన ఇత్తడికి ఒక పుల్లటి వాసన ఉంటుంది. ఎంత సబ్బు పెట్టినా సాయంత్రం దాకా వేళ్ళను వదలదు. మాది నర్సీపట్నంలో పాత్రల కొట్టు కనుక ఆ వాసనలోనే పెరిగాను. ఇవాళ మాత్రం అది పార్వతమ్మ టీచరుగారిని గుర్తుచేస్తోంది. రేపు పెద్దల అమావాస్య. నా ఎదుట మెరుస్తున్న ఈ చెంబు రోలుగుంట చేరాలి.

టీచరుగారు సోషల్ చెప్పి రిటైరయ్యారు. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బర్మాలోని రంగూను నుంచి కాలినడకన తిరిగొచ్చిన మా చుట్టుపక్కల కుటుంబాల వస్తువులూ కథలూ ఒకచోట చేర్చాలని పట్టుబట్టి, పాత లైబ్రరీలో ఒక గది సంపాదించారు. నన్నెందుకు చేర్చుకున్నారో దాచలేదు. "పాత ఇత్తడి ఇచ్చి కొత్త స్టీలు పట్టుకెళ్ళేది మీ కొట్లోనే కదా. కరిగించేముందు నాకు చూపించు. పైగా నాకు బేరమాడ్డం చేతకాదు, నీకు అది తప్ప మరోటి చేతకాదు." అది పొగడ్తేననుకుని చాలాకాలం తిరిగాను.

రోలుగుంటలో పైడమ్మ ఇంట్లో బర్మా అక్షరాలు చెక్కిన చెంబు ఉందని తెలిసి ఇద్దరం వెళ్ళాం. స్కూటరు మీద కొత్త స్టీలు బిందె కట్టుకెళ్ళాను. సరుకు మీద కన్ను పడితే సగం బేరం అయిపోయినట్టేనని నా నమ్మకం. పైడమ్మ దాన్ని వేలి కణుపుతో కొట్టి చూసి, "పల్సన బాబూ. మీ కొట్లోదే గదా" అంది. గిన్నెల సెట్టు కూడా కలుపుతానన్నాను. ఆమె నవ్వింది.

"మాయమ్మ నన్ను సంకనేసుకొని నడిసొచ్చింది. దారిలో మాయయ్యకి ఆకరి నీళ్ళు ఈ సెంబుతోనే పోసింది. పెద్దలమాస నాడు ఆయనకి ఇందులోనే నీళ్ళెడతాం. ఇది ఇచ్చేసి, నీ బిందెతో ఎట్టమంటావేటి?"

కుక్కరు పేరెత్తబోతున్నాను. టీచరుగారు అడ్డుపడ్డారు. "శెట్టీ, బిందె స్కూటరెక్కించు." తర్వాత పైడమ్మ పక్కన కూర్చున్నారు. "అమ్మా, చెంబు మీదే. మా గదిలో ఉంచి పిల్లలకి చూపిస్తాం. ఏటా అమావాస్య ముందురోజు ఇంటికి తెచ్చిస్తాం. మళ్ళీ మీరిస్తేనే పట్టుకెళ్తాం."

"మర్సిపోతేనో?"

"వీడు మరవడు. సరుకెక్కడుందో వీళ్ళకి నిద్రలో కూడా తెలుస్తుంది."

చెంబుతో తిరిగొస్తూ దారిలో సణిగాను. "ఇదేం బేరమండీ? తెచ్చేదీ మనమే, తిరిగిచ్చేదీ మనమే."

"మనం కొనేస్తే అది ఇత్తడి చెంబు. ఆవిడ అందులో నీళ్ళు పెట్టినన్నాళ్ళే అది రంగూను చెంబు. నీకేది కావాలి?"

గేరు మార్చాను. ఆ తర్వాత గదిలోకి ప్రతి వస్తువూ ఆ షరతు మీదే వచ్చింది. దేనికి రోజు వస్తే అది వెళ్ళేది. ఖాళీ చోట 'ఇంటికి వెళ్ళింది' అన్న అట్టముక్క నిలబడేది.

టీచరుగారు చనిపోయిన ఏడాదే లైబ్రరీ కమిటీ ప్రెసిడెంటుగారు అద్దాల బీరువా, తాళం తెప్పించారు. "ఇంక ఇళ్ళకి పంపడాలు లేవు. పోతే ఎవడు పూచీ?" అన్నారు. పైడమ్మకి మాటిచ్చింది టీచరుగారే గానీ, నిలబెట్టాల్సింది నేను. చెంబు చేతిలోకి తీసుకుని, "అయితే ఇది ఇప్పుడే పైడమ్మకిచ్చేస్తానండీ. మళ్ళీ రాదు" అని లేచాను.

బేరం కుదరనప్పుడు గుమ్మం వైపు నడవడం మా కొట్టుకొచ్చే ప్రతివాళ్ళూ వేసే ఎత్తే. వెనక్కి పిలుస్తారని తెలిసే నడుస్తారు. ఆ రోజు మాత్రం పిలవకపోయినా ఆగకూడదనుకుని నడిచాను. గుమ్మం దాటి, మెట్లు దిగి, స్కూటరు స్టార్ట్ చేశాక ప్రెసిడెంటుగారు బయటికొచ్చారు. "అది లేకపోతే చూడ్డానికెవడొస్తాడయ్యా? సరే, పంపుదాం. పూచీ నీదే."

"నాదేనండీ" అన్నాను. కొట్లో ఏ సరుక్కీ గ్యారంటీ ఇవ్వని మనిషిని.

పైడమ్మకిప్పుడు చూపు ఆనదు. అక్షరాల మీద వేలు పెట్టి చెంబును గుర్తుపడుతుంది. నిరుడు అమావాస్యకి నన్ను కూడా ఉండమంది. వాళ్ళయ్యకి వేసిన విస్తరి పక్కన ఇంకోటి వేయించి, అదే చెంబుతో అక్కడా నీళ్ళు పోసింది. "ఇది టీచరమ్మకి బాబూ. ఆవిడా నడిసీ నడిసీ మా యింటికొచ్చింది గదా" అంది. ఆవిడొచ్చింది నా స్కూటరు మీదనబోయి ఆ మాట మింగేశాను. బేరగాడు ఎక్కడ నోరు మూసుకోవాలో కూడా టీచరుగారే నేర్పారు.

చెంబును తువ్వాల్లో చుట్టాను. బీరువాలో దాని చోట అట్టముక్క నిలబెట్టి, అది తిరిగొచ్చేదాకా తాళం తీసే ఉంచి బయల్దేరుతున్నాను.