సాలూరు ఘాట్‌లో ముందు బ్రేకు

1968లో సాలూరులో, ఘాట్ రోడ్డు మొదట్లో నాకు మోటారు సైకిళ్ళు బాగుచేసే షెడ్డు ఉండేది. కొండ దిగిన బండ్లు నా దగ్గర ఆగేవి. ఆగలేనివి ఇంకాస్త ముందుకెళ్ళి ఆగేవి. బి.ఎస్సీ.లో ఘర్షణ గురించి చదివినదంతా నాకు అక్కడే అర్థమైంది.

ఒకరోజు భావనపాడు నుంచి అప్పలస్వామి అనే ఎండుచేపల వ్యాపారి వచ్చాడు, వెనక భార్య పోలమ్మతో. బండి యుద్ధకాలం నాటి మిలిటరీది, వేలంలో కొన్నది. ఎత్తుగా ఉంటుంది, గరుకు టైర్లు. ఇసుకైనా రాళ్ళైనా దానికి ఒకటే. ఆగడం దగ్గరే పేచీ. మర్నాడు ఇద్దరూ కొండమీది సంతకు వెళ్ళి రావాలి.

“ముందు బేకు పట్టదు బాబూ. ఎనక దాంతోనే నెట్టుకొత్తన్నాను,” అన్నాడు.

“పోయినపాలి మలుపుకాడ కాళ్ళతో ఆపినాడు,” అంది పోలమ్మ. “రేపు నాను ఎక్కాలంటే మీరు సెప్పాల.”

ముందు చక్రం విప్పాను. డ్రమ్ము లోపల రెండు షూలుంటాయి, వాటిమీద డ్రమ్మును రాసుకునే లైనింగ్. అది నల్లగా, నున్నగా మారి, చేపల కంపు కొడుతోంది. చేపల వ్యాపారి బండి చేపల కంపు కొడితే దర్యాప్తు చేసేదెవరు? కొత్త లైనింగ్ వేశాను. యాక్సిల్ నట్టు వదులుగా ఉంచి, చక్రం తిప్పి, బ్రేకు గట్టిగా పట్టి, ఆ పట్టు వదలకుండా నట్టు బిగించాను. అలా చేస్తే రెండు షూలూ డ్రమ్ముకు సమంగా ఆనుతాయి. కేబుల్ సరిచేసి షెడ్డు ముందు నడిపితే బండి ఉన్నచోట ఆగింది. భోజనం చేసొచ్చి ఘాట్ మీద చూద్దామన్నాను.

తర్వాత నేను నడిపాను, అప్పలస్వామి వెనక కూర్చున్నాడు. ఎక్కడం హాయిగా జరిగింది. అందుకు బ్రేకు అక్కర్లేదు. దిగుతూ మొదటి మలుపు ముందు లీవరు నొక్కాను. లీవరు గట్టిగానే ఉంది. బండి మాత్రం నా మాట వినలేదు. వెనక బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకుని బండి తోక ఊపింది. గేరు తగ్గించాను, ఇంజను అరిచిందే గాని వేగం పెద్దగా తగ్గలేదు. కుడివైపు లోయ. ఎదురుగా కర్రలు వేసుకొస్తున్న ఎద్దుబండి, రోడ్డులో సగానికి పైగా తానే ఉంది.

“బాబూ, బేకు,” అన్నాడు అప్పలస్వామి మెల్లిగా.

“పట్టే ఉన్నాను.”

ఎడమవైపు కొండ అంచున మెత్తటి మట్టి కాలువ కనిపించింది. అందులోకి తిప్పాను. చక్రాలు దిగబడి, బండి ఒరిగి, మా ఇద్దర్నీ పడుకోబెట్టి ఆగింది. ఎద్దులు మమ్మల్ని చూడకుండానే వెళ్ళిపోయాయి.

లేచి డ్రమ్ము అంచున వేలు పెట్టాను. తడి. అదే కంపు.

“ఇందులో ఏం పోశావు?”

“సొరసేప నూనె బాబూ. మీరు తిండికెళ్ళినప్పుడు. కొత్త సామాను కదా, తుప్పట్టకుండా సందులోంచి పోసినాను. ఉప్పుగాలికి పడవకీ అదే పూత్తాం.”

“పడవకు బ్రేకుందా?”

“నేదు బాబూ.”

బండి నడిపించుకుంటూ కిందికి వచ్చాం. సంగతి విన్న పోలమ్మ సంచిలోంచి నూనె సీసా తీసి కొంగున కట్టుకుంది. డ్రమ్ము పెట్రోలుతో కడిగి, మళ్ళీ కొత్త లైనింగ్ వేసి, పనంతా మొదటినుంచీ చేశాను. ఈసారి ఆకలి వెయ్యలేదు.

బండిని పాడుచేసేవాళ్ళలో చాలామంది దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్ళేనని ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి బ్రేకు పని అయ్యాక నేనేం చేశానో చెప్పే ముందు, యజమాని ఏం చెయ్యకూడదో చెబుతూ వచ్చాను.

మర్నాటి సాయంత్రం ఇద్దరూ కొండ దిగి షెడ్డు ముందు ఆగారు, ముందు బ్రేకుతోనే. సీసా ఇంకా ఆవిడ కొంగునే ఉంది.

“బండి సైనుకైనా ఓ సుక్క...” అన్నాడు అప్పలస్వామి, దానికేసి చూస్తూ.

“నడు మావా,” అంది పోలమ్మ.