మొదలూ కొసా చూసిన మనిషి

నిన్న ఉదయం తుని దాటాక హైవే పక్క ఛార్జింగ్ స్టేషన్‌లో మా మేనల్లుడు రమణ తన కరెంటు కారుకు ఛార్జింగ్ గన్ను తగిలించాడు. మిషన్ లోపలి ఫ్యాను హోరుమని తిరగసాగింది. సరిగ్గా అప్పుడే చెరకు లారీ ఒకటి మా పక్క నుంచి నెమ్మదిగా వెళ్లింది. కోసి ఒక రోజు దాటిన చెరకుకు తీపిలో కొంచెం పులుపు కలిసిన వాసన ఒకటి ఉంటుంది. ఫ్యాను హోరు, ఆ వాసన ఒకేసారి తగిలేసరికి, నలభై తొమ్మిదేళ్ల కిందటి చక్కెర మిల్లు లాబొరేటరీలో, హోరెత్తే ఫ్యాను కింద, చక్రధరరావు గారి బల్ల ముందు నిలబడ్డట్టే అనిపించింది.

ఆయన ఆ లాబొరేటరీకి పెద్ద. నేను ఇరవై మూడేళ్ల సహాయకురాలిని. చోడవరం చుట్టుపక్కల తోటల నుంచి చెరకు నమూనాలు కట్టలుగా వచ్చేవి. ఒక్కో గడకు మొదట్లోనూ, నడుమనూ, కొసనూ సూదితో పొడిచి చుక్క రసం తీసి, బ్రిక్స్ మీటరు గాజు మీద వేసి, వెలుతురుకు ఎదురుగా పెట్టి తీపి ఎంతో చూడాలి. అదీ నా పని. పండని చెరకుకు మొదలు తియ్యగా ఉంటుంది, కొస చప్పగా ఉంటుంది. పండేకొద్దీ తీపి పైకెక్కుతుంది. మొదలు అంకె, కొస అంకె దగ్గరపడితే తోట కోతకు వచ్చినట్టు. అప్పుడే రైతుకు కోత ఆర్డరు వెళ్తుంది.

చేరిన మూడో వారంలో చీడికాడ వైపు నుంచి ఒక కట్ట కొసలు లేకుండా వచ్చింది. సైకిలు మీద బరువు తగ్గుతుందని తెచ్చినవాడు కొసలు దారిలోనే కొట్టేశాడు. మొదలు చూశాను, బాగా తియ్యగా ఉంది. నడుమ కూడా ఫరవాలేదు. రిజిస్టరులో మూడో గడి ఖాళీగా ఉంచడం నాకు అవమానంగా తోచి, కొస దగ్గర అందాజుగా ఒక అంకె వేశాను. కోత ఆర్డరు వెళ్లిపోయింది. రెండు రోజుల తర్వాత చక్రధరరావు గారు ఆ పేజీ మీద వేలు పెట్టారు.

"అమ్మాయ్, ఈ కొస అంకె ఎక్కడిది?"

"అందాజు సార్."

"అందాజు నాకూ వచ్చును. మరి నిన్నెందుకు పెట్టుకున్నట్టు?"

గొంతు పెంచలేదు. మిల్లు జీపు తెప్పించి నన్ను ఎక్కించుకుని ఆ ఊరు తీసుకెళ్లారు. తోట గట్టు దగ్గర ఆపి, తాను మాత్రం దిగలేదు. "వెళ్లి చెప్పు. లెక్క నీది" అన్నారు. రైతు పేరు అప్పలనాయుడు. మర్నాడు కోతకు కూలీలను కూడా మాట్లాడుకున్నాడు. తప్పు నాదని, తోట ఇంకా పండలేదేమోనని, ఆగమని చెప్పాను.

అప్పలనాయుడు నన్ను కింద నుంచి మీద దాకా చూశాడు. "నానూ అదే అనుకున్నానమ్మా. ఇంకా పండనేదే అని. మిల్లోలు కాయితం ఇచ్చీసేరు, సదువుకున్నోలు గదా, మనకేటి తెలుస్తాదని కత్తులు నూరీసేను" అన్నాడు. తర్వాత జీపు వైపు చూసి, "ఆ బాబు దిగడేటి, కాళ్లకి మట్టి అంటుకుంటాదా?" అని నవ్వాడు. కొసలతో సహా ఒక కట్ట తానే కోసి ఇచ్చాడు. తిరిగొచ్చి చూస్తే కొస అంకె నేను వేసినదానికి సగమే ఉంది. నా ఒక్క గడి వల్ల ఏడాది పంట పచ్చిగా తెగిపోయేది.

జీపులో తిరిగొచ్చేటప్పుడు చక్రధరరావు గారు, ఊరు దగ్గర పడ్డాక, "గడి ఖాళీగా ఉంటే తప్పు కాదమ్మాయ్. ఖాళీ అని రాయి. మొదలు ఎవరికైనా తియ్యగానే ఉంటుంది, కొస కూడా చూశాకే మాట్లాడు" అన్నారు. ఆనాటి నుంచి పాలవాడు వచ్చిన వేళ దగ్గర్నుంచి నేను నోటు పుస్తకంలో రాసుకోని విషయం లేదు. చూడనిదానికి ఎదురుగా 'చూడలేదు' అని రాస్తాను. మా ఇంట్లో అందరూ నవ్వుతారు. నవ్వనీ.

మేమిద్దరం రిటైరయ్యాక కూడా మా ఇళ్లు రెండు వీధుల దూరంలోనే ఉండేవి. డెబ్బై ఏళ్లు వచ్చినా నన్ను అమ్మాయ్ అనే పిలిచేవారు. ఎనభై నాలుగో ఏట ఆయన వెన్నుపూస అరిగిపోయింది. రెండు గంటలకు మించి కూర్చుంటే కాలు తిమ్మిరెక్కి, లేచి పావుగంట నడిస్తే తప్ప సర్దుకునేది కాదు. రైలు మెట్లు ఎక్కలేరు. అలాంటి రోజుల్లో విజయవాడలో ఉన్న వాళ్ల అక్కయ్యకు బాగాలేదని కబురొచ్చింది. చిన్నప్పుడే తల్లి పోతే ఆయన్ని పెంచింది ఆవిడే. తొంభై రెండేళ్లు. పొద్దున్న పూట మనుషుల్ని గుర్తుపడుతోంది, మధ్యాహ్నం దాటాక ఎవరినీ ఎరగడం లేదు అన్నారు. అంటే కారులో వెళ్లాలి, మధ్యాహ్నం లోపల చేరాలి. మూడువందల నలభై కిలోమీటర్లు.

రెండు కార్లున్నాయి, రెండూ కరెంటువే. తెల్లది ఆయన కూతురు సుజాతది. విశాఖలో ఉద్యోగం, ప్రతి శనివారం వచ్చేది. నీలంది మా రమణది. ఎవరి కారులో వెళ్లాలన్న దగ్గర వాదన మొదలైంది.

"నా బండి గన్ను పెట్టగానే నూట పది కిలోవాట్లు లాగుతాది మామయ్యా. సుజాతక్క బండి అరవై దాటితే నన్నడగండి" అన్నాడు రమణ.

"నీ బండి కంటే నీ నోరే స్పీడురా" అంది సుజాత.

చక్రధరరావు గారు నా వైపు తిరిగారు. "అమ్మాయ్, పుస్తకం తీసుకురా."

ఫిబ్రవరి రెండో ఆదివారం. అనకాపల్లి దాటాక ఉన్న స్టేషన్‌లో రెండు కార్లనూ బ్యాటరీ పది శాతానికి దించి తెచ్చాం. రెండు గన్నులు ఒకేసారి పెడితే మిషన్ కరెంటును పంచేస్తుందని, ఒకే గన్నుతో ఒకదాని తర్వాత ఒకటి పెట్టించారు ఆయన. ప్లాస్టిక్ కుర్చీలో పావుగంట కూర్చుని, పావుగంట నడుస్తూ, అయిదేసి నిమిషాలకు "ఎంత?" అని అడిగేవారు. నేను రాశాను. నీలం కారు నూట పదితో మొదలై, సగం నిండేసరికి అరవైకి, డెబ్బై శాతం దగ్గర ముప్పై అయిదుకు పడిపోయింది. తెల్లది అరవైతో మొదలై దాదాపు చివరిదాకా అక్కడే నిలిచింది. పది నుంచి ఎనభై శాతానికి నీలానికి ముప్పై ఎనిమిది నిమిషాలు, తెల్లదానికి ముప్పై నాలుగు.

రమణ ముఖం చిన్నబోయింది. నేను పుస్తకం మూస్తూ, కొంచెం గర్వంగానే, "తెల్లదే సార్. మొదలూ కొసా సమంగా ఉంది. మీరు నేర్పిన లెక్కే" అన్నాను.

ఆయన పుస్తకం అడిగి తీసుకుని, కళ్లజోడు పైకెత్తి, నడుమ వరస మీద వేలు పెట్టారు. "యాభై శాతానికి ఎంతసేపు?"

నీలానికి పదిహేను. తెల్లదానికి పంతొమ్మిది.

"ప్రయాణం ఎవరిదమ్మాయ్? నాది గదా. రెండు గంటలకోసారి నేనెలాగూ దిగి పావుగంట నడవాలి. నడిచినంతసేపే ఛార్జింగు. ఆ పావుగంటలో ఎక్కువ తాగే బండి కావాలి నాకు. నిండే దాకా కూర్చునేది ఎవడు?"

"మరి కొస చూడమన్నారు గదా సార్?"

"చూడమన్నాను. చూశాం. చూసేక, తోటలో కొస ఏం చేస్తారు? కొట్టేసి పశువులకేస్తారు. సగానికి గన్ను తీసీమను." రమణ వైపు తిరిగి, "ఒరే, నీ బండి పండలేదురా. అయినా సరే తీసుకెళ్తాను" అన్నారు.

సుజాత పడీ పడీ నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. లెక్క అంతా తప్పు లేకుండా చేసి, ఎవరి కోసం చేస్తున్నానో రాసుకోలేదు. ఆయన నా పెన్ను తీసుకుని పేజీ పైన వంకర అక్షరాలతో రాశారు: 'ప్రయాణికుడు చక్రధరరావు. పావుగంట నడవాలి.'

మర్నాడు తెల్లవారుజామున అయిదూ పదికి చోడవరంలో బయల్దేరాం. తుని దాటాక పదిహేను నిమిషాలు, రాజమండ్రి దాటాక పదిహేను. ఆగిన రెండు చోట్లా ఆయన నా చెయ్యి పట్టుకుని కారు చుట్టూ, స్టేషన్ చుట్టూ నడిచారు. రమణ మిషన్ ముందు నిలబడి అంకె పడిపోతుంటే దిగులుగా చదివేవాడు. "తొంభై... డెబ్బై అయిదు..." "తీసీరా, చాలు" అనేవారు ఈయన. పదకొండూ ఇరవైకి అక్కయ్యగారి గుమ్మంలో దిగాం.

ఆవిడ మంచం మీద నుంచి కాసేపు చూసి, "చక్రీ, ఎండలో వచ్చేవేట్రా?" అంది. ఆయన మంచం అంచున కూర్చున్నారు. నేను గుమ్మం దగ్గరే నిలబడినా, గడియారం చూడడం మానలేదు. పన్నెండూ పదికి ఆవిడ చూపు గోడ మీదకు వెళ్లిపోయింది, మళ్లీ వెనక్కు రాలేదు. యాభై నిమిషాలు.

తెల్ల కారులో వచ్చి ఉంటే ఆగిన రెండు చోట్లా నాలుగేసి నిమిషాలు ఎక్కువయ్యేవి. ఎనిమిది నిమిషాలు. అంతకంటే ఎక్కువని చెబితే అబద్ధం. అప్పుడు మాకు దొరికేవి నలభై రెండు. కానీ మాటలు మొదలైన నలభై రెండు నిమిషాలు దాటాకే ఆవిడ ఆయన వీపు మీద చెయ్యి వేసి, "నడుం నొప్పా? నిన్ను చంకనేసుకుని తిరిగిన నా నడుం బాగానే ఉంది, నీకేటి రోగం?" అని అడిగింది. ఎనభై నాలుగేళ్ల మనిషి చిన్నపిల్లాడిలా తల వంచుకుని నవ్వారు. ఆ నవ్వు అంతకు ముందు నేను ఎన్నడూ చూడలేదు.

ఆవిడ ఆ నెల్లోనే పోయింది. ఆయన పోయిన ఏడాది, శ్రావణంలో. ఏ వేళకో నా పుస్తకంలో లేదు. నేను అక్కడ లేను. 'చూడలేదు' అని రాశాను.

నిన్న తుని స్టేషన్‌లో చెరకు లారీ వెళ్లిపోయాక కూడా వాసన కాసేపు నిలిచింది. రమణ అదే నీలం కారు పక్కన ఫోను చూసుకుంటున్నాడు. మిషన్ మీద అంకె నూట అయిదు నుంచి దిగుతోంది. బయల్దేరే ముందు పేజీ పైన మొదటిసారి నా పేరే రాసుకున్నాను: 'సత్యవతి, డెబ్బై రెండు. మోకాళ్లు. పావుగంట నడవాలి.' స్టేషన్ చుట్టూ రెండుసార్లు తిరిగొచ్చేసరికి యాభై ఒక్క శాతం నిండింది, అంకె అరవైకి పడింది.

"ఇంకాస్త ఎక్కనీ అత్తా, ఎనభై అయిపోద్ది" అన్నాడు రమణ.

"నా నడక అయిపోయింది నాన్నా. తీసీ" అన్నాను.