సాక్షి దిమ్మ

తెలకపల్లికి అవతలి ఊళ్లో ఇస్రాయేలును అందరూ మేటు అనే పిలుస్తారు. ఉపాధి పనికి వెళ్లే కూలీల గుంపుకు అతనే పెద్ద. వయసులో ఉన్నప్పుడు రాయచూరు కాలువల మీద, తర్వాత పుణె దగ్గర మట్టి పని చేశాడు. చదువు లేదు. తవ్విన గుంత అంచు మాత్రం గోడ కట్టినట్టు నిలువుగా ఉండాలంటాడు. ఎక్కడైనా వంకరగా కనిపిస్తే తనే దిగి, పారతో చెక్కి పైకొస్తాడు.

మట్టి పనిలో ఒక పద్ధతి ఉంది. గుంత తవ్వేటప్పుడు మధ్యలో కొంత నేలను ముట్టకుండా వదిలేస్తారు. చుట్టూ లోతు దిగేకొద్దీ అది దిమ్మలా నిలబడుతుంది. దిమ్మ ఎంత ఎత్తుంటే గుంత అంత లోతు. దాన్ని సాక్షి అంటారు. కొలతలు రాసుకున్నాకే కొట్టేస్తారు; ముందే కొట్టేస్తే తవ్వింది ఎంతో తేలదు.

ఆ ఎండాకాలం ఊరి బయట నీటి కుంట తవ్వుతుంటే, చూడ్డానికి ఎంపీ వస్తున్నాడని కబురొచ్చింది. ఆయన మూడుసార్లు లోక్‌సభకు గెలిచినవాడు. కూలి పనుల కొలతల్లో జరిగే మోసాల మీద సభలో ఏళ్ల తరబడి ప్రశ్నలు వేసి పేరు తెచ్చుకున్నాడు. పుణె దగ్గర గుత్తేదారు తక్కువ కొలిచి కూలి ఎగ్గొట్టినప్పుడు ఇస్రాయేలుకు అడిగే దిక్కు లేకపోయింది. అందుకే ఆ ఎంపీ అంటే అతనికి గురి.

ఆయన వచ్చే రోజు పొద్దున, గుంపులో అందరికంటే పెద్దదైన బాలమ్మ గుంతలోకి చూసి అంది.

“కట్టె పట్టుకొని నడుస్తడంట. ఈ దిమ్మలు కాళ్లకు తట్టుకోవా?”

“కొలత కాలేదు పెద్దమ్మా.”

“కొలిచేటోడు మనకు తెల్వనోడా? పెద్దమనిషి వస్తుంటే వాకిట్ల రాళ్లు తియ్యమా?”

ఇస్రాయేలుకు అది సబబే అనిపించింది. తనే దిగి దిమ్మలన్నీ కొట్టేశాడు. అడుగు సాపు చేసి, దుమ్ము లేవకుండా నీళ్లు చల్లించాడు.

ఎంపీ గట్టు మీదే ఆగిపోయాడు. గుంతలోకి దిగలేదు.

“మేటు ఎవరయ్యా?”

ఇస్రాయేలు తలగుడ్డ విప్పి ముందుకొచ్చాడు.

“సాక్షులేవి?”

“మీరు నడుస్తరని తీసేసినం సార్.”

“నేను చూడనీకి వచ్చిందే వాటిని గదయ్యా.”

వెంట వచ్చినవాళ్లు నవ్వారు. “మస్తు సాపు చేసిండ్రు సార్, ఆనవాలు కూడ దొరక్కుండ,” అన్నాడొకడు. ఎంపీ నవ్వలేదు, కోప్పడలేదు. తాను అనుకున్నదే నిజమైనట్టు తలాడించి కారెక్కాడు.

అక్కడి నేల వాలుగా ఉండడంతో, దిమ్మలు లేక లోతు సరిగ్గా తేలలేదు. తక్కువ వైపు కొలతే రాశారు. ఆ వారం గుంపుకంతా కూలి సగమే పడింది. ఆడవాళ్లు సద్ది తినేటప్పుడు అతనికి కొంచెం ఎడంగా కూర్చున్నారు.

వానాకాలంలో ఒకరోజు ఇస్రాయేలు ఊళ్లో స్టీఫెన్ నడిపే హోటల్లో చాయ్ తాగుతుండగా, స్టీఫెన్ చూస్తున్న ఫోన్ వీడియోలో ఎంపీ గొంతు వినిపించింది. ఆయన సభలో మాట్లాడుతున్నాడు. “నా జిల్లాలోనే ఒక కుంటలో, నేను వెళ్లేలోపే సాక్షి దిమ్మలు మాయం చేశారు. మోసానికి ఇంతకన్నా రుజువేం కావాలి?” ఊరి పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం కూడా లేదు.

“ఢిల్లీల నీ ముచ్చటే నడుస్తుందే మేటన్నా,” అన్నాడు స్టీఫెన్.

ఇస్రాయేలు సగం చాయ్ బల్ల మీద పెట్టి లేచిపోయాడు.

విషయం తెలిసి బాలమ్మ ఇంటికొచ్చింది. “తియ్యమన్నది నేను. పా, ఆ సార్ తాన్కి పోయి చెప్దాం.”

“కొట్టింది నా చెయ్యి. ఏం చూపెట్టి నమ్మిస్త పెద్దమ్మా? దిమ్మ ఉంటే గద.”

తర్వాతి ఎన్నికల్లో ఆ ఎంపీ పోటీ చేయలేదు. పేపర్లో ఆయన సభలో చేసిన పనులు రాస్తూ ఆ ప్రసంగాన్ని గొప్పగా చెప్పారు. కొలతల తనిఖీ గట్టిపడింది దాని వల్లేనట. అది మంచిదేనని ఇస్రాయేలుకూ తెలుసు. ఆ మంచి తన దొంగతనం మీద నిలబడి ఉంది. ఆ దొంగతనం తను చేయలేదు.

మరుసటి ఎండాకాలం ఇంకో కుంట తవ్వారు. కొలతలయ్యాక దిమ్మలు తీయిస్తూ ఒకటి వదిలేశాడు.

“ఇంకెందుకన్నా, కొలిచిన గద,” అన్నాడు కొలతలు రాసే ప్రదీప్.

“ఉండనీ. ఎవరన్న వస్తే చూస్తరు.”

ఎవరూ రాలేదు. వానలకు కుంట నిండి, దిమ్మ నెత్తి ఒక్కటే పైకి కనిపించింది. అలలు తగిలి అది రోజూ కొంచెం కొంచెం కరుగుతుంటే, ఇస్రాయేలు కుంట పక్క బాట వదిలేసి, చుట్టూ తిరిగి వేరే బాటన తన చేనికి పోవడం మొదలుపెట్టాడు.