రూపవతి గారి కార్డ్‌లెస్ ఫోను

రూపవతి గారి వేళ్ళు అద్దం ఫోనుకు తెలియవు. ఆవిడ ఎంత నొక్కినా, ఎంత తోసినా దాని మీద ఏదీ కదలదు. అదే ఫోను నేను తీసుకుని వేలితో రాస్తే వెంటనే తెరుచుకుంటుంది. ఆవిడ నర్సాపురం పక్క లేసు అల్లే ఇళ్ళలో పుట్టిన మనిషి. పలక పట్టకముందే క్రోషే సూది పట్టింది. కెనడాలో ఈ ఎడ్మంటన్ వచ్చాక రిటైరయ్యేదాకా ఆస్పత్రి లాండ్రీలో వేడి దుప్పట్లు మడతపెట్టింది. దారం కొంత, వేడి కొంత కలిసి ఆ వేలికొసల్ని తోలులా చేసేశాయి.

"నేనిక్కడ ఉన్నానని దానికి తెలియట్లేదు అన్నయ్యగారూ" అనేది నాతో. నవ్వుతూనే అనేది.

ఆవిడ గురించి రాయడానికి నువ్వెవరివయ్యా అంటారేమో, చెబుతాను. నా పేరు నోవహు. మాది రేపల్లె దగ్గర పల్లెటూరు. మిషన్ బడిలో ఎనిమిదో తరగతి దాకా చదివాను, అంతకుమించి అక్కడ బడి లేదు. ఆ పైన రేడియోలు విప్పి బిగించడం సొంతంగా నేర్చుకున్నాను. మా చుట్టుపక్కల ఊళ్ళ చర్చి మైకులన్నీ నా చేతి మీదుగా మోగినవే. ఈ దేశం వచ్చాక యూనివర్సిటీలో ఊడ్చే పనిలో చేరి, ఒక బిల్డింగు మొత్తానికి సూపర్‌వైజరుగా రిటైరయ్యాను. యాభై దాటాక, మంచులో, డ్రైవింగు టెస్టు మొదటిసారే పాసయ్యాను. చూపు తగ్గాక ఎవరూ అడక్కుండానే ఆ లైసెన్సు తిరిగి ఇచ్చేశాను, అదీ గొప్పే. మన తెలుగు సంఘంలో మైకు మొండికేసినా, హీటరు మొండికేసినా ఇప్పటికీ నన్నే పిలుస్తారు. ఒక మనిషి ఇంట్లో చిన్న ఫోను నిలబెట్టడానికి ఇంత అనుభవమూ చాల్లేదని చెప్పడానికే ఇదంతా.

ఆవిడ భర్త ఇమ్మాన్యుయేల్ గారు పోయాక ఆవిడ ఒక్కతే ఉంటోంది, లిఫ్టున్న అపార్ట్‌మెంటులో. ఆ ఇంట్లోకి వెళ్తే ముందు కనపడేది లేసు. టీవీ మీద, టోస్టరు మీద, బైబిలుకు, అలారం గడియారానికి, అన్నిటికీ తెల్లటి లేసే. రిమోటుకు కూడా ఒక గౌను. దుమ్ము పడకూడదని పెద్దవాళ్ళు నేర్పిన అలవాటు. మంచు దేశంలో దుమ్మెక్కడిది అని అడిగితే, "దుమ్ము లేకపోయినా మర్యాద ఉంటుంది కదా" అంటుంది.

పోయిన నవంబరులో వంటింట్లో జారి పడింది. ఎముక విరగలేదు గాని మోకాలు పట్టేసి లేవలేకపోయింది. అద్దం ఫోను చేతిలోనే ఉంది. దానికి ఈ వేళ్ళు తెలియవు. చివరికి అందిన అట్లకాడ తీసుకుని ఓవెను తలుపు మీద కొడుతూ పడుకుంది. పక్క ఫ్లాటులో ఉండే ఫిలిప్పీన్స్ ఆవిడ ఆ చప్పుడు విని బిల్డింగు మేనేజరును పిలుచుకొచ్చేసరికి పొయ్యి మీద పప్పు మాడి నల్లబడింది.

టీనా రూపవతి గారికి ఒక్కతే కూతురు. ఉండేది విమానమెక్కి వెళ్ళేంత దూరంలో, రిచ్‌మండ్ హిల్‌లో, రోజూ రైల్లో టొరంటో ఆఫీసుకు పోయి వస్తుంది. ఈ సంగతి తెలిశాక నాకు ఫోను చేసింది.

"అంకుల్, మమ్మీ పడిందా, లేచిందా అనుకుంటూ రోజూ ట్రైన్‌లో కూర్చోలేను. ఐ యామ్ సో టయర్డ్. అపార్ట్‌మెంట్‌కి నోటీస్ ఇచ్చేసి తీసుకొచ్చేస్తా."

ఆ పిల్ల గొంతులో కోపం లేదు. కోపమైతే సర్దిచెప్పవచ్చు. అలసటకు ఏం చెబుతాం?

రూపవతి గారిని అడిగాను. చేతిలో అల్లిక ఆపలేదు.

"అక్కడ నాకు గదిస్తారు. మంచి గదే. అల్లుడు కూడా మంచివాడే. కాని అన్నయ్యగారూ, ఇక్కడ నా తాళం చెవి నా దగ్గరుంది. అక్కడికెళ్తే తలుపు ఎవరో తీయాలి, ఎవరో వేయాలి."

నేనే మధ్యలో ఉండి ఒప్పందం కుదిర్చాను. మీటలు నొక్కే ఇంటి ఫోను పెట్టిస్తాం. టీనా రైలెక్కే ముందొకసారి, దిగాక ఒకసారి చేస్తుంది. ఆవిడ ఎత్తాలి. ఎత్తని రోజు ఒక్కటైతే క్షమిస్తుంది. రెండోది వస్తే ఇల్లు ఖాళీ చేస్తామని నోటీసే.

అలా ఆ కార్డ్‌లెస్ ఫోను వచ్చింది. పెద్ద పెద్ద అంకెలు, చేతిలో ఇమిడే హ్యాండ్‌సెట్టు, అది కూర్చోవడానికి కింద ఒక బేసు. ఆవిడ దాన్ని మైక్రోవేవు పక్కన పెట్టబోయింది.

"అక్కడొద్దు చెల్లెమ్మా. అది తిరుగుతుంటే ఇందులో గరగర వస్తుంది. సింకు దగ్గరా వద్దు, నీళ్ళు పడతాయి. హీటరు దగ్గరా వద్దు."

"మరి నెత్తిన పెట్టుకోనా?"

"మంచం పక్కన స్టూలు మీద."

దానితో వచ్చిన బ్యాటరీలే వేశాను. మామూలు టార్చిలైటు బ్యాటరీలు ఇందులో వేస్తే ఛార్జి ఎక్కేటప్పుడు ఉబ్బి కారతాయని, పగలవచ్చని చెప్పాను. గోడకు పెట్టే అడాప్టరు కూడా దీనిదే వాడాలి, డ్రాయరులో ఉన్న ఇంకోటి వాడకూడదు. మాట్లాడే ముందు ఒక పగలూ రాత్రీ బేసు మీదే ఉంచి నిండా ఛార్జి ఎక్కించాలి. ఎర్ర లైటు వెలిగితే ఎక్కుతున్నట్టు. ఎక్కడో పెట్టి మర్చిపోతే బేసు మీద మీట నొక్కితే హ్యాండ్‌సెట్టు మోగుతుంది. ఆవిడ అన్నిటికీ తలూపింది.

"కింద పడ్డావనుకో. ముందు 911, అంబులెన్సుకు. అడ్రసు చెప్పాలి, ఫ్లాటు నంబరు చెప్పాలి. తర్వాత టీనా. తర్వాత ప్రార్థన."

"ప్రార్థన ముందే చేసేస్తాలెండి. దానికి మీట అక్కర్లేదు."

కరెంటు పోతే ఈ ఫోను పని చేయదు. బేసుకు కరెంటు కావాలి. అందుకని మా ఇంట్లో మూల పడున్న తీగ ఫోను తెచ్చి, హాల్లో గోడకు తగిలించాను. ఆ బిల్డింగులో పాత లైనే, కరెంటు లేకపోయినా మోగుతుంది. ఇలాంటివి ముందే ఆలోచించేవాణ్ణని యూనివర్సిటీలో నాకు పేరుంది.

రెండు వారాలు బాగానే నడిచింది. డిసెంబరులో ఒక సాయంత్రం టీనా నుంచి ఫోను. "అంకుల్, మమ్మీ ఎత్తట్లేదు."

బస్సు పట్టుకుని వెళ్ళాను. మనిషి నిక్షేపంగా ఉంది. ఫోను మాత్రం దిండు కింద ఉంది, చచ్చిపోయి. పిల్ల గొంతు దగ్గరుంటుందని రోజూ దిండు కింద పెట్టుకుని పడుకుంటోందట. బేసు ఖాళీగా పడి ఉంది.

చలిలో వచ్చానేమో, కాస్త గట్టిగానే అన్నాను. "చెల్లెమ్మా, దీనికి పీట ఉన్నది దేనికి? మాట్లాడటం అయ్యాక మర్యాదగా దాని చోట దాన్ని కూర్చోబెట్టాలి."

"సరేనండీ" అంది తల వంచుకుని.

టీనాకు సర్దిచెప్పాను. ఆ ఒక్కటీ అయిపోయింది.

జనవరిలో చలి ముదిరింది. ఊపిరి వదిలితే మీసానికి మంచు కట్టే రోజులు. ఒక మధ్యాహ్నం టీనా మళ్ళీ చేసింది. ఈసారి గొంతు మెల్లగా ఉంది.

"నిన్న సాయంత్రం ఎత్తలేదు. ఈ రోజు పొద్దున ఎత్తలేదు. మేనేజర్ వెళ్ళి చూశాడు, షీ ఈజ్ ఫైన్. ఇంక నా వల్ల కాదు అంకుల్. రేపటికి టికెట్ బుక్ చేశా. వచ్చి నోటీస్ ఇచ్చేస్తా."

మా అబ్బాయి కెన్నీ, కోడలూ పనిలో ఉన్నారు. కాళ్ళకు బూట్లు తొడుక్కోవడానికే అరగంట పట్టినట్టనిపించింది. బస్టాపులో నిలబడితే, ఈ వయసులో ఎవరి ఫోన్ల కోసమో ఇలా తిరగడమేమిటని నాకు నేనే అనుకున్నాను. వెళ్ళక తప్పదని కూడా నాకు తెలుసు.

రూపవతి గారు తలుపు తీసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఫోను ఎత్తలేదేం?"

"మోగితేగా ఎత్తడానికి. టీనా విసిగిపోయి మానేసిందనుకున్నాను. అంత పనిలో ఉన్న పిల్లను నేనెందుకు కదిలించడమని ఊరుకున్నాను. పొద్దున మేనేజరు వచ్చి తలుపు కొట్టేదాకా నాకేం తెలుసు?"

అక్కడ కూతురు మోగిస్తూ కూర్చుంది. ఇక్కడ తల్లి మోగలేదని కూర్చుంది.

"హాల్లో తీగ ఫోను ఏది?"

"రెండూ ఒక్కసారే మోగితే గుండె అదిరిపోతోందండీ. బట్టల బీరువాలో పెట్టాను."

పడగ్గదిలోకి వెళ్ళాను. హ్యాండ్‌సెట్టు బేసు మీదే ఉంది, చక్కగా, నేను చెప్పినట్టే. దాని కింద తెల్లటి లేసు. పువ్వులు, పువ్వుల మధ్య రెక్కలు, అంచుకు చిన్న చిన్న గుబ్బలు. బేసు కొలతకు అల్లి, లోపలి గుంటలోకి కూడా దించి, అంచులు కిందికి జారేలా తొడిగింది. అంత పనితనం నేనీ దేశంలో చూడలేదు.

"కూర్చోబెట్టమన్నారుగా" అంది వెనక నుంచి. "ఊరికే ప్లాస్టిక్కు మీద ప్లాస్టిక్కు ఏం బాగుంటుంది? పైగా ఆ లైటు కంట్లో పొడుస్తోంది."

లేసు పైకెత్తాను. గుంటలో రెండు లోహపు ముక్కలుంటాయి, హ్యాండ్‌సెట్టు అడుగున రెండుంటాయి. అవి ఒకదాన్నొకటి తాకితేనే ఛార్జి ఎక్కేది. మధ్యలో ఈ పువ్వులు అడ్డం. లైటు వెలగట్లేదని చూసుకోవడానికి కూడా లేదు, దాని మీదా పువ్వే. ఫోను ఉన్న ఛార్జితో కొన్నాళ్ళు నెట్టుకొచ్చి ఆగిపోయింది.

తిట్టడానికి ఓపిక లేదు. లేసు తీసి పక్కన పెట్టి, హ్యాండ్‌సెట్టు కూర్చోబెట్టాను. ఎర్ర లైటు వెలిగింది. ఆవిడ దాన్ని చూసింది, తర్వాత లేసును చూసింది.

"అయితే నా చేత్తో నేనే చేసుకున్నానన్నమాట" అంది. లేసు ఒళ్ళో వేసుకుని కుర్చీలో కూర్చుండిపోయింది.

మర్నాడు టీనా వచ్చేసరికి నన్నూ ఉండమంది రూపవతి గారు. టీనా కోటు విప్పలేదు. నేను జరిగింది చెప్పాను. లేసు చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూసింది.

"మమ్మీ, ఫోన్‌కి డ్రెస్ కుట్టావా?"

"అన్నిటికీ వేశాను, దాన్నొక్కదాన్నీ ఎందుకు వదిలేయాలి?"

"నా కాలిక్యులేటర్‌కి కూడా వేశావ్. స్కూల్లో ఎంత నవ్వారో తెలుసా?"

"నువ్వు లెక్కల్లో ఫస్టు వచ్చావు కదా. నవ్వనీ."

టీనా నవ్వబోయి ఆగింది. "అది కాదు మమ్మీ. లేస్ తీసేస్తావ్, ఓకే. రేపు ఇంకోటి అవుతుంది. ఐ కాంట్ కీప్ డూయింగ్ దిస్."

రూపవతి గారు టీనా చేతిలోంచి లేసు తీసుకుంది. "నేను రానని అనట్లేదమ్మా. వస్తాను. కాని పడిపోతే ఎత్తుకొచ్చినట్టు కాదు. నా ఇల్లు నేను తుడుచుకుని, నా తలుపు నేను తాళం వేసుకుని వస్తాను. ఆ రోజు నేనే చెబుతాను. అందాకా మోగించు. ఎత్తుతాను."

టీనా చేతి తొడుగులు వేసుకుంది. "నేను కిందికెళ్ళి కాల్ చేస్తా" అని వెళ్ళిపోయింది.

మేమిద్దరం ఫోనును చూస్తూ కూర్చున్నాం. రాత్రంతా ఛార్జి ఎక్కింది, లైటు ఉంది, లైను ఉంది. అన్నీ నేను స్వయంగా చూశాను. అయినా లేచి అడాప్టరు ఇంకోసారి గట్టిగా నొక్కి వచ్చాను. చర్చిలో మొదటిసారి మైకు ఆన్ చేసిన రోజు కూడా ఇంత భయపడలేదు.

మోగింది. రూపవతి గారు తోలుబారిన ఆ వేలితో మీట నొక్కింది. మీటకు ఆ వేలు తెలిసింది.

"ఉన్నాను" అంది. హలో అనలేదు.

కిటికీలోంచి చూస్తే టీనా పార్కింగులో మంచులో నిలబడి ఉంది, ఒక చేత్తో ఫోను, ఇంకో చేయి చెవి మీద. వెంటనే పెట్టేస్తుందనుకున్నాను. పెట్టలేదు. బల్లకు అటూ ఇటూ కూర్చుని మాట్లాడనిదంతా అక్కడి నుంచి మాట్లాడుతున్నట్టుంది. నేను వంటింట్లోకి పోయి టీకి నీళ్ళు పెట్టాను.

టీనా పైకి వచ్చేసరికి ముక్కు ఎర్రబడి ఉంది. టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, "ఈస్టర్ దాకా చూద్దాం" అంది, తల్లితో కాదు, నాతో. మర్నాడు వెళ్ళిపోయింది. నోటీసు ఇవ్వలేదు.

రూపవతి గారు ఆ లేసును కత్తిరించలేదు. లేసు అల్లేవాళ్ళు కత్తెర పెట్టరు. మధ్య పువ్వు విప్పేసి, లోహపు ముక్కలున్న గుంటంతా ఖాళీ వదిలి, లైటు దగ్గర ఒక కిటికీ వదిలి, చుట్టూ మళ్ళీ అల్లింది. నన్ను పిలిపించి చూపించింది. హ్యాండ్‌సెట్టు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి చూశాను. వెలిగింది. బాగుందన్నాను. తీగ ఫోను బీరువాలోంచి తీయించి, గంట చప్పుడు తగ్గించి, మళ్ళీ హాల్లో తగిలించాను. దీనికి ఛార్జి లేదు, ఏం లేదు, నీ ఇష్టమొచ్చినంత లేసు వేసుకోమన్నాను. ఇప్పుడు దానికి పరికిణీ అంత లేసుంది.

ఇప్పుడు పొద్దున టీనా రైలెక్కే ముందు చేస్తుంది. ఆవిడ "ఉన్నాను" అంటుంది. అది అవగానే మా ఇంట్లో కార్డ్‌లెస్ ఫోను మోగుతుంది. కెన్నీ వాళ్ళు తెల్లవారకముందే షిఫ్టుకు వెళ్ళిపోయి ఉంటారు. మంచం మీంచి లేవడానికి నాకు కొంచెం టైము పడుతుంది. ఆవిడకు తెలుసు, మోగనిస్తుంది.

"ఉన్నారా అన్నయ్యగారూ?"

"ఉన్నానమ్మా."

అంతే. పెట్టేస్తుంది. నేను హ్యాండ్‌సెట్టు దాని చోట కూర్చోబెట్టి, లైటు చూసుకుని, మళ్ళీ కాసేపు పడుకుంటాను.